ఉభాల పాట ప్లేటెక్కిన ఏడు

నేను పాటలు కడతాను. "రాస్తారా?" అని ఎవరైనా అడిగితే కాదంటాను. కాగితం ముందు కూర్చుంటే నాకు ఒక్క ముక్కా రాదు. చేతిలో ఆకు కట్ట ఉండాలి, కాళ్ల కింద బురద ఉండాలి, పక్కన అందుకోవడానికి ఆడవాళ్లుండాలి. అప్పుడు ఒక మాట దాని వెనకాల ఇంకో మాటని లాక్కొస్తుంది. మా వైపు వరినాట్లని ఉభాలు అంటాం, నాటే నారుని ఆకు అంటాం. ఉభాల్లో పాట ఎత్తే మనిషి ఒకరే. మిగిలినవాళ్లు వంగి నాటుతూనే ఆఖరి మాట పట్టుకుని అందుకుంటారు. నేను కాపరానికొచ్చిన కొన్నాళ్లకే ఎత్తే పని నాకొచ్చిపడింది. అంతకుముందు ఎత్తింది మా అత్త. అత్త చేతిలోంచి కోడలు లాక్కుందని ఊళ్లో అనుకున్నారు గానీ, ఆవిడే "నా గొంతుక బొంగురుపోనాది, ఇక నువ్వెత్తే" అని ఇచ్చింది. ఇచ్చాక మాత్రం నా ప్రతి పాటకీ వంక పెట్టడం మానలేదు.

ఇది అరవైల చివరి సంగతి. మా ఊరు వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. అత్త అంటే మా నాన్నకి సొంత అక్క. ఆవిడ కొడుకే మా ఆయన. కాబట్టి ఆయన నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ బావే, పెళ్లయ్యాకా బావే. కొంచెం పల్లం, కొంచెం మెట్ట, ఒక మైకు సెట్టు, ఇదీ మా సంసారం. పల్లంలో వరి, మెట్టలో గోగు. పెళ్లిళ్ల రోజుల్లోనూ అమ్మవారి సంబరాలప్పుడూ బావ హారను, బ్యాటరీ, ప్లేట్ల పెట్టె బండిలో వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. గ్రామఫోను రికార్డుని అప్పట్లో అందరం ప్లేటనే అనేవాళ్లం.

ఆ పెట్టెలో ఉన్నవన్నీ సినిమా ప్లేట్లే. నాకు సినిమా పాటల మీద కోపం లేదు, అన్నం వండుతూ నేనూ పాడుకునేదాన్ని. నా కోపమల్లా ఒకటే. అన్ని ప్లేట్లున్న పెట్టెలో మేం మాట్లాడుకునే మాట ఒక్కటంటే ఒక్కటి లేదు. ఏమిటి అనడానికి మేం అనే "ఏటి" ఎప్పుడైనా వినబడిందంటే అది జనాన్ని నవ్వించడానికి పెట్టిన వేషమే. ఏడవాలన్నా, ప్రేమించాలన్నా, దేవుణ్ణి పిలవాలన్నా వేరే ఊరి తెలుగు కావాల్సి వచ్చేది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఒక ఏడు ఉభాల్లో నేనొక పాట కట్టాను. మా ఏరు ఎక్కడో ఒరిస్సా కొండల్లో పుట్టి, మా ఊరి పక్కగా పోయి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే కన్నవారిల్లు విడిచి అత్తవారింటికి పోతున్నట్టే కదా అనిపించింది. మడిలో వంగి నాటుతూ ఏటినే అడిగాను.

ఏ కొండ నీ కన్నోరిల్లు, వంసధారా
ఏటి సారె ఎట్టినారే, వంసధారా

దానికి ఏరు నాటేవాళ్లకి జవాబు చెబుతుంది.

కొండోల్లింట పుట్టినాను, కోడళ్లారా
రాళ్లే సారె ఎట్టినారు, కోడళ్లారా

తర్వాత మళ్లీ మా వంతు.

కళింగపట్నం ఎల్తన్నావు, వంసధారా
అత్తోరిల్లు ఉప్పునీళ్లే, వంసధారా

ఈ చివరి మాట వినగానే అత్త నాటడం ఆపి నడుం ఎత్తింది. "ఉప్పునీళ్లంటావేటే? మాయింట్ల నీకు ఏటి తక్కువైనాదని?" అంది. "నిన్ను కాదత్తా, సంద్రాన్ని అన్నాను" అంటే, "సంద్రానికి కోడళ్లుంటారేటి, నాకు తెల్దనుకున్నావా" అని మళ్లీ వంగింది. కానీ తరవాతి వంతులో అందరికంటే గట్టిగా అందుకున్నది ఆవిడే. నాట్లు అయ్యేసరికి ఆ పాట మా గట్లు దాటిపోయింది. ఏటి అవతలి ఒడ్డున, మేం పేరు కూడా ఎరగని ఊళ్ల ఆడవాళ్లు దాన్ని పాడుతున్నారని బావ వచ్చి చెబుతుంటే నా కాళ్లు నేల మీద ఆనలేదు.

బావ ప్లేట్లూ, వాటి మీద ఆనే పిన్నులూ కొనేది విజయనగరంలో ఒక షావుకారి దుకాణంలో. గ్రామఫోన్లు, రేడియోలు అమ్మే పెద్ద దుకాణం అది. మద్రాసు ప్లేట్ల కంపెనీ వాళ్లతో ఆ షావుకారికి రాకపోకలుండేవి. ఒకసారి బావ అక్కడ కూర్చుని మాట వరసకి నా పాట పాడి వినిపించాడు. షావుకారు మళ్లీ మళ్లీ పాడించుకుని, "మీ ఆవిణ్ణి తీసుకురావయ్యా" అన్నాడు.

మరుసటి ఏడు ఆషాఢంలో వెళ్లాం. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి మైకు సెట్టు అటక మీద ఉంటుంది, బావ ఖాళీగా ఉంటాడు. ఆమదాలవలసలో రైలెక్కి, నా పెళ్లినాటి చీరలో, దారి పొడుగునా ఏం మాట్లాడాలో అనుకుంటూ కూర్చున్నాను. దుకాణంలో షావుకారు మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టి టేపు రికార్డరు తిప్పాడు. అందులో ఎవరో అమ్మాయి నా పాట పాడుతోంది. సంగీతం నేర్చుకున్న పిల్లట. వీణ కూడా ఉంది.

అన్యాయం చెప్పకూడదు, ఆ పిల్ల గొంతు తేనె. ఎక్కడా తొణకలేదు, బెణకలేదు. అయితే పాట "ఏ కొండ నీ పుట్టినిల్లు" అయింది. "ఏటి సారె" పోయి "ఏమి సారె" వచ్చింది. "ఎల్తన్నావు" కాస్తా "వెళ్ళుచున్నావు" అయింది. చివరికి ఏటి పేరు కూడా శకారం ఒత్తి పలికింది. వింటుంటే ఎవరో నా బిడ్డకి తల దువ్వి, పౌడరు రాసి, పేరు మార్చి, ఇదుగో నీ బిడ్డ అని చూపించినట్టుంది.

షావుకారు మెచ్చుకోలు కోసం నా ముఖంలోకి చూశాడు. "దీన్ని మద్రాసు పంపిస్తే వాళ్లు వాద్యాలు చేర్చి ప్లేటు వేస్తారు. పాట కట్టింది మీరని మీ పేరు కూడా అచ్చు వేయిస్తానమ్మా" అన్నాడు.

"నా పాట నేనే పాడతాను బాబూ" అన్నాను. "నా మాటల్తోనే పాడతాను."

ఆయన కోపం తెచ్చుకోలేదు. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది. "చూడండమ్మా, మీ పాటలో సరుకుంది, కాదనను. కానీ ఈ యాస మనం ఇళ్లల్లో రోజూ వినేదే కదా. రోజూ వినేదాన్ని ఎవరైనా డబ్బిచ్చి కొనుక్కుంటారా? మనవాళ్లే నవ్వుతారు. నేను వ్యాపారస్తుణ్ణి, నాకు తెలుసు" అన్నాడు నిదానంగా.

నేను బావ వైపు చూశాను. బావ షావుకారికి ఎదురు చెప్పగలడని నేను కలలో కూడా అనుకోలేదు, ఆయన అరువు మీదే మా మైకు సెట్టు నడిచేది. బావ గొంతు సవరించుకుని, "కంపెనీ ఎయ్యకపోతే మేమే ఏసుకుంటాం. ప్లేటు పోసీవోలు ఎవులు పట్టుకెల్లినా పోస్తారు కదా బాబూ, కరుసు మాదైతే" అన్నాడు. షావుకారు నవ్వి, సరే మీ ఇష్టం అన్నాడు. ఆ ఏడు గోగునార అమ్మిన డబ్బు దానికే పోయింది. ఆ మాట మా ఇంట్లో ఎవరూ మళ్లీ ఎత్తలేదు, అత్తతో సహా.

షావుకారు మంచివాడే. తన దుకాణం వెనక గదీ, టేపు రికార్డరూ వాడుకోమన్నాడు. ప్లేటుకి ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర కంటే పట్టదనీ, పాట ఆ లోపల అయిపోవాలనీ చెప్పాడు. నేను అత్తనీ, తోటికోడల్నీ, మాతో ఎప్పుడూ నాటే ఇద్దరు ముగ్గుర్నీ తీసుకుని మళ్లీ రైలెక్కాను.

అక్కడే మేం చెయ్యరాని తప్పు చేశాం. ఫొటో దిగడానికి వెళ్లినట్టు వెళ్లాం. తలస్నానాలు, ఉన్న వాటిల్లో మంచి చీరలు, తలల్లో కనకాంబరాలు. గదిలో మైకు ముందు వరసగా నిటారుగా నిలబడ్డాం. షావుకారు చెయ్యి ఊపాడు. నేను ఎత్తాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది. వెనక అందుకోవాల్సినవాళ్లు ఒకరు ముందు, ఒకరు వెనక. ఎప్పుడు ఊపిరి తీసుకోవాలో ఎవరికీ తెలియలేదు. మా పాటలో ఊపిరి ఎక్కడంటే ఆకు బురదలో గుచ్చి చెయ్యి పైకి తీసే చోట. ఇక్కడ చేతులు ఏం చెయ్యాలో తెలియక మా తోటికోడలు కొంగు చివర మెలిపెడుతూ నిలబడింది. మా పాటకి ఆఖరు కూడా లేదు. మడి ఎక్కడ అయిపోతే పాట అక్కడ అయిపోతుంది. గచ్చు మీద మడేది, గట్టేది? షావుకారు చాలు చాలని చెయ్యి ఊపుతున్నా మేం పాడుతూనే ఉన్నాం, టేపు అయిపోయింది.

ఆయన దాన్ని తిప్పి వినిపించాడు. మేం ఎవరం ఎవరి ముఖమూ చూసుకోలేదు. "నేను చెప్పానా" అని ఆయన అనలేదు. అనుంటే బాగుండేది, తిట్టడానికైనా నాకో దారి దొరికేది.

రైల్లో తిరిగొస్తుంటే అత్త కిటికీ పక్కన కూర్చుని బయట మడుల కేసి చూస్తోంది. చీపురుపల్లి దాటాక ఎవరితోనూ కాకుండా అంది, "మడిల పాట మడిలే పట్టాల గాని, సావిట్ల పడతాదేటి."

దానికి బావ, "అమ్మా, ఆ మిసను బేటరీ సెల్లుల మీద కూడా నడుస్తాది" అన్నాడు.

మర్నాడే ఆయన వెనక్కి వెళ్లి టేపు రికార్డరు అడిగి తెచ్చాడు. శ్రావణంలో పెళ్లిళ్లు మొదలవుతాయి, ఆ లోపల తిరిగి ఇచ్చెయ్యాలని షావుకారు షరతు పెట్టాడు. అప్పటికే వానలు పడి మా ఆకుమడి నాటుకి సిద్ధంగా ఉంది. ఇక్కడ ఇంకో చిక్కుంది. మా మడులు పెద్దవి, ఒక మడి నాటేసరికి పూట గడుస్తుంది. ప్లేటుకి పట్టే పాటంత మడి కావాలి. ఆకుమడి పక్కన రెండే రెండు తుంపులు, అంటే చిన్న మడి చెక్కలు, ఉన్నాయి, అయిదారుగురు దిగితే గబుక్కున అయిపోయేవి. ఒకటి పాడైతే ఇంకొకటి. అంతే.

మొదటి తుంపులో బావ మైకుని గట్టు మీద కర్రకి కట్టాడు. గాలి కొడితే మైకులో హోరు వస్తుందని తన తువ్వాలు దాని మీద కప్పాడు. మేం పనిచీరలు మోకాళ్ల పైకి దోపి గట్టు దగ్గర మొదలుపెట్టాం. వంగాక నా గొంతు నాకు దొరికింది. పాట దానంతటదే వచ్చింది. అందుకునేవాళ్లు ఒక్క ఊపిరిగా అందుకున్నారు. అయ్యాక ఆత్రంగా గట్టెక్కి టేపు తిప్పి విన్నాం. మొదటి చరణం గణగణా ఉంది. రెండోది కాస్త తగ్గింది. ఉప్పునీళ్ల దగ్గరికొచ్చేసరికి పక్క ఊరి సంబరం వింటున్నట్టుంది. ఆఖరికి బురదలో కాళ్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

మాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నాటేటప్పుడు మేం వెనక్కి నడుస్తాం. ముందుకి నడిస్తే నాటిన ఆకు తొక్కేస్తాం కదా. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్న పనే, మైకు ముందు పెట్టుకుని కూడా ఒక్కరికీ తోచలేదు. పాడుతూ పాడుతూ మైకుకి దూరంగా వెళ్లిపోయాం. మా తోటికోడలు గట్టు మీద కూలబడి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. "ఈ ఆకు పీకేసి మళ్లీ నాటుదాం" అన్నాను.

అత్త నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. "నాటిన ఆకు పీకుతావేటే? పీకి పాడితే అది పాటవుతాదేటి?" అంది. ఆవిడ అంత గట్టిగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. మా వైపు నాటిన ఆకుని చేత్తో పీకడమంటే చంటిపిల్లని పాల దగ్గర నుంచి లాగెయ్యడంతో సమానం. ఎవరూ చెయ్యరు.

ఇక మిగిలింది రెండో తుంపు. ఆ సాయంత్రమంతా గట్ల మీద తిరిగాను. అవతలి గట్టు దగ్గర నుంచి ఇవతలి గట్టు దాకా నడిచి, మళ్లీ వెనక్కి నడిచి చూశాను. అప్పుడు తట్టింది. మొదలెట్టాల్సింది మైకు దగ్గర కాదు, అవతలి గట్టు నుంచి. అక్కడ మొదలెడితే వెనక్కి వెనక్కి మైకు దగ్గరికే వస్తాం. పాట దూరం నుంచి దగ్గరికొస్తుంది. మడమలకి గట్టు తగిలిన చోట పాట అయిపోతుంది. బావకి చెబితే, "వీపులు మైకు కేసి ఎట్టి పాడతారా?" అన్నాడు. "ముఖాలు నీళ్ల కేసి ఉంటాయి బావా, నీళ్లే తిరిగి ఇస్తాయి" అన్నాను. అప్పుడు నేను అంత ధీమాగా ఎందుకన్నానో నాకే తెలియదు, కానీ అది నిజమే అయింది.

మర్నాడు పొద్దున్నే మబ్బు పట్టి ఉంది. గాలి లేదు. అవతలి గట్టు దగ్గర దిగాం. బావ ఇవతల గట్టు మీద మిషను దగ్గర కూర్చుని చెయ్యెత్తాడు. ఈ తుంపు అయిపోతే ఇంకోటి లేదు, మా గొంతుతో ప్లేటు ఉండదు, ఆ వీణ పాటే మిగులుతుంది. అదే తలుచుకుని ఎత్తాను.

మొదటి మాట పడగానే భయం పోయింది. అత్త బొంగురు గొంతు నా పక్కనే ఉంది, ఆ గొంతు ఎక్కడుంటే నేనక్కడికి వెళ్లగలను. కొండా, రాళ్ల సారే, కళింగపట్నమూ అన్నీ అయిపోయాయి. ఉప్పునీళ్ల చరణం పాడేసరికి వెనక గట్టు ఇంకా కాస్త దూరంలో ఉంది. నాకు కట్టిన పాట అయిపోయింది, మడి అవ్వలేదు. ఆగితే టేపులో బోసిగా కాళ్ల చప్పుడు పడుతుంది. ఆకు గుచ్చుతూ అప్పటికప్పుడు నోటికొచ్చింది ఎత్తాను.

ఉప్పైతే ఏటి, తీపైతే ఏటి, వంసధారా
నువ్వు కలిసినాక సంద్రమంతా నీది కాదా

అందుకోవడంలో అత్త ఒక్క క్షణం వెనకపడింది. ఆ తర్వాత అందుకున్నది చూడండి, అంత గొంతు ఆవిడకింకా మిగిలుందని నాకు తెలియదు. మా మడమలు గట్టుకి తగిలాయి. పాట ఆగింది. అందరం నడుములెత్తాం. అత్త "అమ్మా, నా నడుమో" అని నిట్టూర్చింది, సరిగ్గా మైకు పక్కన. అప్పుడు బావ మిషను ఆపాడు.

విన్నాం. ఎక్కడో పాట వినబడుతుంది. ఎవరో ఆడవాళ్లు నడుచుకుంటూ మన దగ్గరికే వస్తున్నట్టు కొంచెం కొంచెంగా పెరుగుతుంది. మధ్యమధ్య నీళ్ల చప్పుడు. చివరికి మన చెవి పక్కనే నిలబడి, "అమ్మా, నా నడుమో." నేను ఏడ్చాను. సిగ్గు లేకుండా, బురద చేతులతోనే ముఖం కప్పుకుని ఏడ్చాను. అత్త మాత్రం, "నా గొంతుకేటి, తలుపు కిర్రుమన్నట్టున్నాది" అని, ఇంకోసారి వెయ్యమంది.

షావుకారు టేపు రెండుసార్లు తిప్పి విన్నాడు. తర్వాత, "చివర ఆ నడుం మాట కోసేద్దామమ్మా, అది పాట కాదు కదా" అన్నాడు. "అది కోస్తే ప్లేటే వద్దు" అన్నాను. ఆయన భుజాలెగరేసి అలాగే మద్రాసు పంపించాడు. కొన్ని నెలలకి గడ్డి పరిచిన చెక్కపెట్టెలో ప్లేట్లు వచ్చాయి. మధ్యలో ఎర్ర కాగితం, దాని మీద నా పేరు, కింద "ఉభాల ఆడవాళ్లు" అని. చదువు రాని అత్త ఆ కాగితం మీద వేలు పెట్టి, "ఇందుల నేనెక్కడున్నాను?" అంది. చూపించాను. ఆ మాట మీద వేలు అలాగే ఉంచింది. షావుకారు తన దుకాణంలో కొన్ని పెట్టుకున్నాడు గానీ, అడిగినవాళ్లు లేరని చెబుతూ వచ్చాడు.

ఆ ఏడు శివరాత్రికి శ్రీముఖలింగంలో మైకు పెట్టే పని బావకి వచ్చింది. తీర్థానికి ఎన్ని ఊళ్ల జనం వస్తారో చెప్పలేం. ఏటి ఇసకలో దుకాణాలు, స్నానాలు, జీళ్లు, గాజులు. భక్తి పాటలూ సినిమా పాటలూ వేశాక మధ్యాహ్నం బావ నా వైపు ఒకసారి చూసి మా ప్లేటు పెట్టాడు.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. పాట దగ్గరయ్యే కొద్దీ దుకాణాల దగ్గర కొన్ని తలలు తిరిగాయి. చదువుకుంటున్న కుర్రాళ్ల గుంపొకటి హారను కింద నిలబడి, "ఏటి సారె ఎట్టినారే" అని మూతులు తిప్పి వెక్కిరిస్తూ నవ్వడం మొదలుపెట్టింది. వాళ్లు పరాయివాళ్లు కాదు, మా ఊళ్ల పిల్లలే. మనవాళ్లే నవ్వుతారని షావుకారు అన్న మాట నిజమైనందుకు తల కొట్టేసినట్టయింది. వెళ్లి నాలుగు దులిపేద్దామని లేచాను. అత్త నా చెయ్యి పట్టుకుంది. "కూకోయే. ఆల్లు ఇంటికెల్లి ఆల్లమ్మలతోటి ఏ మాట మాటాడతారో సూద్దువు గాని" అంది.

ఇంతలో గాజుల దుకాణం దగ్గర గాజులు తొడిగించుకుంటున్న ఒకావిడ, చెయ్యి గాజులమ్మే మనిషి చేతిలో ఉండగానే, "వంసధారా" అని అందుకుంది. ఆవిడెవరో నాకు తెలియదు. పక్కనున్నావిడ అందుకుంది. ఏటి గట్టు మీద తడి చీరలు ఆరబెడుతున్నవాళ్లు అందుకున్నారు. హారను కంటే గట్టిగా అందుకున్నారు. కుర్రాళ్ల నవ్వు ఎప్పుడాగిందో నేను చూడలేదు. ఆఖర్న "అమ్మా, నా నడుమో" రాగానే తీర్థం తీర్థమంతా ఒక్కసారి నవ్వింది. అది వెక్కిరించే నవ్వు కాదు, మా నడుమూ అంతే అనే నవ్వు. ఆడవాళ్లు బావ దగ్గరికొచ్చి, "బాబూ, మా మాటల పాట మల్లీ ఎయ్యి" అన్నారు. వేశాడు. మళ్లీ అడిగారు, మళ్లీ వేశాడు.

గర్వం మంచిది కాదంటారు. నాకు మంచిదే అయింది. ఆ రోజు ఆ ఇసకలో నేను రాణిలా కూర్చున్నాను.

షావుకారు తీర్థంలో రేడియోల దుకాణం పెట్టాడని నాకు తెలియదు. పొద్దు వాలుతుండగా జనంలోంచి వచ్చి మా ఎదురుగా నిలబడ్డాడు. ఇన్నాళ్లుగా ఆయన కోసం ఒక మాట దాచి ఉంచాను, "నవ్వారా బాబూ మావాళ్లు?" అని అడగాలని. నోరు తెరిచేలోపల ఆయన నా పక్కన ఇసకలో చతికిలబడ్డాడు. అంతటి మనిషి, ఇస్త్రీ పంచె.

"మాది కళింగపట్నం అమ్మా" అన్నాడు. "రేవు మూలపడినాక మా అయ్య మమ్మల్ని ఇజీనగరం తెచ్చీసినాడు."

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆ నోటి వెంట ఆ మాటలు రావడం నేనదే మొదటిసారి వినడం.

"మాయమ్మకి ఈ మాట తప్ప ఇంకోటి రానేదు. దుకానానికి వస్తే బేరగాల్ల ముందర మాటాడొద్దని సెప్పీవోడ్ని. లోపల గదిల కూకోబెట్టీవోడ్ని. ఆవిడి పోనాక ఇలగ మాటాడీవోలు మాయింట్ల ఎవులూ నేరు." ఆయన అత్త వైపు చూశాడు. "ఆ నడుం మాట, అచ్చం మాయమ్మే."

నేను దాచుకున్న మాట ఏమైందో నాకు తెలియదు. ఆయన లేచి, తన దుకాణంలో బోలెడు మా ప్లేట్లు ఉన్నా, బావ చేతిలో అప్పటిదాకా తిరిగిన ప్లేటే కావాలని చెయ్యి చాపాడు. బావ తుడిచి ఇచ్చాడు. దాన్ని తన కండువాలో చుట్టుకుని, గుండెకి ఆనించి పట్టుకుని జనంలోకి వెళ్లిపోయాడు.

హారను హోరులో అత్తకి ఆయన మాటలు సగం వినబడలేదు. "ఏటంటన్నాడే సావుకారు?" అని నన్ను అడిగింది.

"ఆల్లమ్మ మాట మల్లీ ఇనాలంట అత్తా, ప్లేటు పట్టుకెల్తన్నాడు" అన్నాను.